తాత కుండీల్లో పూసిన పూలు

బువాతిప్ పెద్దమ్మ పొద్దున్నే దుకాణం తలుపు తెరవకముందు పెరటి మూలకి వెళ్లి తాతకి ఎర్ర సోడా పెడుతుంది. మూత తీసి, స్ట్రా వేసి మరీ పెడుతుంది. తాత అంటే ఆవిడ తాత కాదు, ఆ నేలని కాచే దేవుడు, దానికి అసలు యజమాని. స్తంభం మీద నిలబెట్టిన చిన్న సిమెంటు ఇంట్లో ఉంటాడు. మేము ఆవిడ ఇంటి వెనక వాటాలో దిగిన రోజున సామాను ఇంకా బండి మీద ఉండగానే నన్నూ నా భార్య ఇమ్‌నీ అక్కడికి తీసుకెళ్లింది.

"తాతా, వీళ్లు మనవాళ్లే. ఇతను బళ్లో రసాయనాల మాస్టారు. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. పిల్ల రాత్రిళ్లు ఏడిస్తే విసుక్కోకు," అంది.

విసుక్కున్నాడో లేదో తెలియదు గానీ, మా ఖావ్‌ఫాంగ్ పుట్టినప్పటి నుంచి నాకు మాత్రం నిద్ర తక్కువే. పిల్ల తుమ్మితే లేస్తాను, తుమ్మకపోయినా లేస్తాను. పెద్దమ్మ నన్ను చూసి నవ్వేది. "ఇంత చదువు చదివి, పిల్ల ఊపిరి పీలుస్తోందో లేదో అద్దం పెట్టి చూస్తావేంటయ్యా," అనేది.

ఆవిడ థాయ్‌లాండ్ ఉత్తరాన ఈ నాన్ లోయలోనే పుట్టింది. చిన్నప్పటి నుంచి పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో పని చేసింది. ఆకుని చెంపకి ఆనించుకుని ఇంకా ఎంత ఆరాలో చెప్పేదట. బ్యారన్లు మూతపడ్డాక నూడుల్స్ బండి పెట్టింది. భర్త త్యాన్‌కి కాలేయంలో రాచపుండు లేచినప్పుడు బండి అమ్మేసి ఆయన పక్కనే కూర్చుంది. ఆ రోజుల్లో గంజాయి ఇంట్లో ఉంటే జైలు. అయినా ఎవరో నొప్పుల మందు సీసాలో కాస్త గంజాయి నూనె తెచ్చి ఇచ్చారు. ఆయన ఆ రాత్రి మూలగకుండా పడుకున్నాడు. పోయేదాకా ఆ మాత్రం నిద్ర దొరికింది. తర్వాత కొన్నేళ్లకి చట్టం తలుపు తెరిచింది. పెద్దమ్మ పెరట్లో వరసగా పెట్టిన మట్టి కుండీల్లో గంజాయి వేసి, వీధి గదిలో దాని పువ్వు అమ్మే చిన్న దుకాణం తెరిచింది.

మొదట్లో వీపున సంచులు తగిలించుకున్న విదేశీ కుర్రాళ్లు వచ్చేవాళ్లు. ఆ తర్వాత నిబంధనలు మారడం మొదలైంది. కొత్త ప్రకటన వచ్చినప్పుడల్లా ఆవిడ ఫోను పట్టుకుని మా వాటాకి వచ్చేది.

"మాస్టారూ, మళ్లీ ఏదో వచ్చింది. మంచిదైతే నిదానంగా చదువు. చెడ్డదైతే గబగబా చదివెయ్."

ఆ ఏడాది వచ్చినదాన్ని గబగబా చదివాను. పువ్వు ఇక మందు కిందే లెక్క. వైద్యుడి చీటీ లేనిదే అమ్మకూడదు. అమ్మే పువ్వు మంచి సాగు పద్ధతుల ధ్రువపత్రం ఉన్న తోటలోనిదే అయి ఉండాలి. ఈ రెండూ లేకపోతే దుకాణం లైసెన్సు కొత్తది ఇవ్వరు. ఆవిడ లైసెన్సు గడువు వానాకాలంలో భిక్షువులు పట్టే వర్షావాసం ముగిసేదాకా ఉంది.

చీటీ సంగతి తేలికగానే తెమిలింది. ఆవిడ చిన్నాన్న కొడుకు ఇన్ఖమ్ నాటువైద్యంలో పరీక్ష రాసి పట్టా పొందినవాడు. రోజూ ఉదయం వచ్చి దుకాణంలో మూల బల్ల దగ్గర కూర్చునేలా ఒప్పించింది. విదేశీ కుర్రాళ్లు రావడం మానేశారు. మోకాళ్ల నొప్పులవాళ్లు, నిద్ర పట్టని ముసలివాళ్లు, కీమో చేయించుకుంటున్న పక్క వీధి ఉతై వాళ్లావిడ, వీళ్లు మిగిలారు. పెద్దమ్మకి దుకాణం ఎవరి కోసమో అప్పటికి తేటపడినట్టుంది. ఒకరోజు నాతో, "త్యాన్‌కి దొంగతనంగా ఇచ్చాను. వీళ్లకి తలుపు తీసి పెట్టి ఇస్తున్నాను. అదొక్కటే తేడా, కానీ ఆ తేడా పోగొట్టుకోలేను," అంది.

ధ్రువపత్రానికి మట్టి, నీళ్లు, ఎండిన పువ్వు పరీక్షకి పంపాలి. పువ్వు ఆవిడే ఏరింది. కుండీలన్నింటిలోకీ తాత ఇంటి పక్కనున్న వరస మొక్కలే ఏపుగా ఉన్నాయి. అవి తాతవి. కొత్త విత్తనం మొదట ఆ కుండీల్లోనే వేస్తుంది. పరీక్షకి వాటి పువ్వులే కోసి, చెంపకి ఆనించి చూసుకుని, డబ్బాలో పెట్టింది. మట్టి మాత్రం చేతికి అందిన నడిమి కుండీలోంచి తీసింది. మట్టికి అదృష్టంతో పనేముంటుందని.

నీళ్లు మంచివని వచ్చింది. మట్టి మంచిదని వచ్చింది. పువ్వులో సీసం ఉండాల్సినదానికన్నా ఎక్కువని వచ్చింది.

జిల్లా కేంద్రం నుంచి రచదా అనే అధికారి ఫోను చేసింది. ఆవిడ ఈ ధ్రువపత్రాల పని చూస్తుంది. గొంతు మెత్తగానే ఉంది. "పెద్దమ్మా, కారణం కనుక్కుని సరిచేస్తే మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు. ఈసారి పువ్వు నేనొచ్చి తీస్తాను. గడువు లోపలే కావాలి మరి," అంది.

ఫోను పెట్టేశాక ఇన్ఖమ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "కొండ మీద మొక్కజొన్న చేలకి కొడతారే మందు, అదే అక్కా. గాలికి వచ్చి పడుంటుంది."

"ఆ మందుల్లో ఉండేది సీసం కాదు," అన్నాను.

"మరి బావి నీళ్లు."

"నీళ్లు బాగున్నాయని కాయితం వచ్చిందిగా."

"అయితే ల్యాబువాళ్లే ఎక్కడో పొరపాటు పడుంటారు. అక్కా, ఈసారి వేరే వరసలోంచి కోసిపెట్టు, ఆ ఆఫీసు పిల్ల వచ్చి కోస్తానంటే కాస్త అటువైపు తిప్పు. ఎవరికి తెలుస్తుంది?"

పెద్దమ్మ చీటీల కట్ట అతని ముందుకి తోసింది. "నువ్వు చీటీలు రాసుకో నాయనా. నా తోట సంగతి నేను చూసుకుంటాను."

మట్టిలో లేని సీసం పువ్వులోకి ఎలా వచ్చిందన్నది నాకు బళ్లో పాఠం చెబుతున్నా వదల్లేదు. దానికితోడు మా పిల్ల అప్పుడే పాకడం మొదలుపెట్టింది. ఇల్లంతా సరిపోక పెరట్లోకి పాకుతోంది. దొరికిందల్లా నోట్లో పెడుతోంది. దానికి ఉయ్యాల కొన్నప్పుడు రంగులో సీసం ఉందేమోనని దుకాణం వాడిని విసిగించి, చివరికి రంగు వేయని చెక్క ఉయ్యాలే తెచ్చినవాణ్ణి. ఇప్పుడు అదే మాట పెరట్లోంచి వినబడుతోంది.

ఆదివారం ఉదయం ఖావ్‌ఫాంగ్ తాత ఇంటి దగ్గర కుండీ పట్టుకుని నిలబడడానికి ప్రయత్నిస్తోంది. వెళ్లి ఎత్తుకున్నాను. అరచెయ్యి విప్పి చూస్తే మట్టిలో ఎర్రటి పెచ్చు ఒకటి, గోరంత. కుండీలో పైన పరిచిన ఊక పక్కకి తోశాను. కింద ఇంకా ఉన్నాయి. ఎరుపు, పసుపు. కొన్ని నలిగి పొడి అయ్యాయి. పక్క కుండీ చూశాను, దాని పక్కది చూశాను. తాత వరసంతా అంతే. మిగతా వరసల్లో ఒక్కటీ లేదు.

"పెద్దమ్మా, ఇవేంటి?"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "తాత ఇంటి పాత రంగు. సంక్రాన్ పండక్కి కొత్త రంగు వేయించాను కదా. అప్పుడు గీకింది."

"కుండీల్లో ఎందుకు వేశారు?"

నా ప్రశ్న ఆవిడకి అర్థం కాలేదు. "మరెక్కడ వేస్తాను? చెత్తబుట్టలో వెయ్యమంటావా? తాత ఇంటి గోడ అది. రోడ్డు మీద వేస్తే జనం తొక్కుతారు. ఆయన మొక్కల మొదట్లోనే వేశా. ఆయనది ఆయనకే."

"ఆ ఇల్లు ఎప్పటిది?"

"మా అత్తగారు కట్టించింది. అప్పటి రంగు ఎంత మంచిదో, ఇన్నేళ్లూ వెలవలేదు."

వెలవకపోవడమే దాని గుణమని చెప్పాను. పాతకాలం ఎరుపు, పసుపు రంగుల్లో సీసం కలిపేవాళ్లని, అందుకే అంత గట్టిగా నిలిచేవని. ఆవిడ వింటూ వింటూ కుండీ అంచు మీద కూర్చుంది. నా చంకలో ఉన్న పిల్ల చేతిని తీసుకుని తన నడుముకి చుట్టుకున్న గుడ్డతో తుడిచింది, ఒక్కో వేలూ విడివిడిగా.

"ముందు దీన్ని ఆసుపత్రికి తీసుకెళ్లు," అంది. "తాతతో నేను మాట్లాడతాను."

మర్నాడే ఇమ్ తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించింది. భయపడాల్సినంత ఏమీ లేదని డాక్టరు చెప్పారు. నేను ఆ కాయితం రెండుసార్లు చదివి, ఇమ్ చేత కూడా చదివించాను.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ తాత ముందు చాప వేసుకుని కూర్చుంది. అగరొత్తులు వెలిగించింది. పిల్ల బట్టలు ఆరేస్తున్న నాకు అంతా వినబడుతూనే ఉంది.

"తాతా, నీకిచ్చింది వెనక్కి తీసుకోవడం తప్పే. కానీ ఆ పువ్వులు నేను ఎవరి కోసం దాచానో నీకు తెలుసు. ఉతై పెళ్లానికి. నీ పక్కన పెరిగినవి కదా, మంచి చేస్తాయనుకున్నా. ఇంకా కోసి ఇవ్వలేదు కాబట్టి బతికిపోయాం, నువ్వూ నేనూ. మొక్కలు పీకేస్తాను. రంగు మాత్రం నీ దగ్గరే ఉంచుతాను, ఎక్కడికీ పంపను. రెండో పరీక్ష దాటించు. కోడిని వండి పెడతా. సారా కూడా పోస్తా. త్యాన్ తాగేదే."

మళ్లీ దణ్ణం పెట్టి, "కోపం వస్తే నా మీద చూపించు. పిల్ల మీద వద్దు," అంది.

మొక్కలు పీకడానికి కూడా పద్ధతి ఉంది. ముందు రచదా గారికి చెప్పాలి, ఫోటోలు తీసి పంపాలి. ఏపుగా పెరిగిన ఆ మొక్కలని పెద్దమ్మ ఒక్కొక్కటే పీకింది. ఇన్ఖమ్ ఫోటోలు తీశాడు. ప్రతి ఫోటోలోనూ ఆవిడ ముఖం పక్కకే ఉంది. "అక్కా, ఇటు చూడు, ఆఫీసువాళ్లు చూసేది," అన్నాడొకసారి. "వాళ్లు చూడాల్సింది మొక్కని," అంది.

రంగు పెచ్చులు కలిసిన మట్టి ఏం చెయ్యాలన్నది మిగిలింది. మా ఇద్దరికీ అక్కడే పేచీ వచ్చింది. ప్రమాదకరమైన చెత్త తీసుకునేవాళ్లకి ఇచ్చేద్దామన్నాను నేను. తాత గోడని ఊరి చెత్తతో కలపనంది ఆవిడ. చివరికి అంతా పెద్ద మట్టి జాడీలోకి ఎత్తి, మూతికి సిమెంటు పోసి, తాత స్తంభానికి ఆనించి చుట్టూ కూడా సిమెంటు కట్టాం. వాన నీరు దిగదు, పిల్ల చెయ్యి చేరదు. రచదా గారిని అడిగితే, తోట హద్దుకి బయట ఉంటే అభ్యంతరం లేదంది. అందుకని కంచెని తాత ఇంటికి ఇవతలికి జరిపాం. ఇప్పుడు తాత తోట బయట ఉన్నాడు. పెద్దమ్మకి అది కాస్త వెలితిగానే ఉంది. "కాపలావాడు గేటు బయటే ఉండాలిగా," అని ఇన్ఖమ్ అంటే కాస్త తేరుకుంది.

రచదా వచ్చిన రోజున ఆకాశం మబ్బుగా ఉంది. సన్నగా, కళ్లద్దాలతో, మా బళ్లో పెద్దక్లాసు పిల్లలా ఉంది. తోటంతా తిరిగి చూసి, జాడీ మూతి తట్టి చూసింది.

"అమ్మాయ్, ఆ చివరి వరసకి ఎండ బాగా తగులుతుంది," అంది పెద్దమ్మ.

"మీరు కూర్చోండి పెద్దమ్మా."

"ఊరికే చెబుతున్నా. దాని పక్కది కూడా మంచిదే."

"మీరు మంచిదని చూపించిందే పోయినసారి మిమ్మల్ని ముంచింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి."

పెద్దమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. రచదా కుండీల నంబర్లు రాసిన చీట్లు లాటరీలా తీసి, వచ్చిన కుండీలోంచి వచ్చినట్టు పువ్వు కోసుకుంది. బక్కచిక్కిన మొక్క ఒకటి వచ్చినప్పుడు పెద్దమ్మ నోరు తెరిచి మూసుకుంది. ఈసారి మట్టి కూడా అవే కుండీల్లోంచి తీసింది.

ఫలితం వచ్చేదాకా ఆవిడ దుకాణంలో పువ్వు అమ్మలేదు. వచ్చినవాళ్లకి టీ ఇచ్చి కూర్చోబెట్టింది. ఉతై వాళ్లావిడకి పక్క జిల్లాలో ధ్రువపత్రం ఉన్న దుకాణం చిరునామా రాసి, ఇన్ఖమ్‌ని బండి మీద పంపి తెప్పించింది. ఒక సాయంత్రం నా దగ్గరికి ఫోను తెచ్చింది. ఈసారి ఎలా చదవమని చెప్పలేదు.

నిదానంగా చదివాను. సీసం పరిమితికి లోపలే ఉంది. ధ్రువపత్రం ఇస్తున్నారు.

ఆవిడ లేచి వెళ్లి కోడిని పట్టుకుంది.

మర్నాడు ఉదయం తాతకి విందు. ఉడికిన కోడి, జిగురు అన్నం, సారా, ఎర్ర సోడా అన్నీ ఉన్నాయి. కొత్త పంటలో మొదటి పువ్వు ఎప్పుడూ తాతకే కాబట్టి పెద్దమ్మ డబ్బా మూత తీసి, మళ్లీ ఆగింది. డబ్బా పట్టుకుని దుకాణంలో ఇన్ఖమ్ బల్ల దగ్గరికి వెళ్లింది. నేను పిల్లనెత్తుకుని వెనకాలే ఉన్నాను.

"ఇన్ఖమ్, తాతకి చీటీ రాయి."

అతను కళ్లజోడు తీశాడు. "ఏంటక్కా?"

"పువ్వు చీటీ లేకుండా ఎవరికీ ఇవ్వకూడదుగా. నిన్ననే కాయితం వచ్చింది. ఇవాళే తప్పు చెయ్యమంటావా?"

"ఏం జబ్బని రాయను?"

"నిద్ర పట్టదని రాయి. రాత్రీ పగలూ కాపలా కాస్తాడు."

"వయసు?"

"పెద్దాయనే అని రాయి."

"రోగి నా ఎదురుగా వచ్చి కూర్చోవాలక్కా. నాడి చూడాలి. చూడకుండా రాస్తే నా పట్టా పోతుంది," అన్నాడు ఇన్ఖమ్, ముఖంలో నవ్వు లేకుండా. పోయినసారి తనని చీటీలు రాసుకోమన్న మాట మర్చిపోయినట్టు లేడు.

పెద్దమ్మ నావైపు తిరిగింది. "మాస్టారూ, ఆకుకి చీటీ కావాలా?"

"అక్కర్లేదు. నిబంధన పువ్వుకే."

డబ్బా మూత బిగించి అలమరలో పెట్టి తాళం వేసింది. తోటలోకి వెళ్లి లేత ఆకులు గుప్పెడు కోసుకొచ్చి, మిగిలిన కోడి పులుసులో వేసి ఇంకోసారి మరగబెట్టింది. గిన్నె తీసుకెళ్లి కంచె అవతల తాత ముందు పెట్టింది.

"ఈ ఏటి నుంచి ఆకే తాతా," అంది. "పువ్వు కావాలంటే దిగి వచ్చి ఇన్ఖమ్ దగ్గర కూర్చో."