చీర ఎన్ని గజాలని అడిగిన దొర

పప్పు ఉడకాలంటే కుక్కర్ కూత వెయ్యక తప్పదు. ఆ సంగతి నా మనవరాలికీ తెలుసు, దాని తల్లికీ తెలుసు. అయినా మొన్న ఆకులు రాలే రోజుల్లో ఆ పిల్ల తన మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూకి కూర్చున్నది షికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లోని మా అమ్మాయి ఇంట్లో, సరిగ్గా వంటింటి పక్కగదిలో. ఇప్పుడు ఇంటర్వ్యూలకి ఊళ్ళు దాటి వెళ్ళక్కర్లేదట, పైన కోటూ కింద పైజమా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలునట. కుక్కర్ కూసింది. తెర మీది పెద్దమనిషి అదేమిటని అడిగాడు, ఇది నవ్వుతూ చెప్పింది, ఇక అక్కడినుంచి కందిపప్పు, పోపు, ఆయన భార్య కొన్న కొత్త కుక్కర్, వాళ్ళ కుక్కకి అన్నమంటే ఎంత ఇష్టమో ఆ ముచ్చట. ఎందుకమ్మా డాక్టరు కావాలనుకుంటున్నావని ఒక్కసారైనా అడుగుతాడేమోనని నేను గరిటె పట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆ మాట తప్ప అన్నీ అడిగాడు.

నిరుడు ఈ పిల్లకి ఒక్క చోటా సీటు రాలేదు. ఏడాదంతా ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి అన్నం తినిపిస్తూ, సాయంత్రాలు చదువుకుంటూ మళ్ళీ అప్లై చేస్తే, ఈసారి పిలిచింది ఈ ఒక్క కాలేజీయే. అందుకని మా అమ్మాయి బేస్‌మెంట్‌లో మాక్ ఇంటర్వ్యూలు కూడా పెట్టించింది. మనవాళ్ళ పద్ధతి మీకు తెలియనిదా! రిటైరైన డాక్టర్ అంకుల్స్ ముగ్గురు సమోసాలు తింటూ వరుసగా కూర్చుని, ఆ వయసులో తమకి జవాబు రాని ప్రశ్నలన్నీ ఏరి ఏరి దాన్ని అడిగారు. మాట పక్కదారి పడితే నువ్వే మర్యాదగా మళ్ళీ దారిలోకి తెచ్చుకోవాలని అందరం కలిసి నూరిపోశాం. తీరా చూస్తే పిల్ల పప్పులో కాలేసి, పైగా గెంతుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"ఇట్ వెంట్ సో వెల్, అమ్మమ్మా! వీ జస్ట్ టాక్డ్."

నాకు ఒళ్ళు మండిపోయింది. మన కాలంలో వైవాలు రాసినవాళ్ళకి, కాదు, వైవాల్లో చచ్చి బతికినవాళ్ళకి నా మంట ఎందుకో చెప్పనక్కర్లేదు. పైఊరినుంచి వచ్చిన ఎగ్జామినరు చేతిలో ఎముక పెట్టి, ఇది కుడిదా ఎడమదా అని మొదలుపెట్టి, నోరెండిపోయేదాకా అడిగేవాడు. అడుగుతున్నంతసేపూ భయం లేదు. ప్రశ్నలు ఆపేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఏ ఊరమ్మా మీది అన్నాడంటే మాత్రం గుండె జారిపోయేది. ఇక నీతో పనిలేదు, ఊరికే పంపిస్తే బాగుండదు కనుక ఊరు అడుగుతున్నాను అని దాని అర్థం. నాన్నగారు ఏం చేస్తారని కూడా అడిగితే ఆ పిల్ల తిన్నగా హాస్టలుకి పోయి మళ్ళీ మొదటి పేజీ నుంచి పుస్తకం తెరవవలసిందే.

ఆ మంట వెనక ఇంకో మంట ఉంది. ఈ దేశం వచ్చేనాటికే నేను సర్జరీలో ఎం.ఎస్. చేసి ఉన్నాను. మా బ్యాచ్‌లో సర్జరీ తీసుకున్న ఆడపిల్లని నేనొక్కదాన్నే. హాయిగా కాన్పులు చూసుకోక ఆడదానికి కత్తెందుకని చుట్టాలందరూ తలా ఒక మాట అన్నా, మా నాన్నగారు మాత్రం నీ ఇష్టమమ్మా అన్నారు. ఇక్కడికి వచ్చాక అదంతా పక్కనపెట్టి మళ్ళీ మొదటినుంచీ శిక్షణ పొందాలన్నారు, దానికి ముందు ఇంటర్వ్యూ అన్నారు. షికాగోలో ఒక ఆసుపత్రి పిలిస్తే మా వారు మంచులో పాత కారు మెల్లగా నడుపుకుంటూ తీసుకెళ్ళారు. మా పెద్దాసుపత్రిలో నేను ఒక్కదాన్నే చేసిన ఒక ఆపరేషన్ గురించి దారిపొడుగునా ఇంగ్లీషులో మననం చేసుకుంటూనే ఉన్నాను. నీకేం చేతనవునని అడిగితే అది చెప్పాలని.

సర్జరీ ఛీఫ్ మంచివాడే. కుర్చీ చూపించాడు, కాఫీ ఇప్పించాడు. నా కాయితాలు ఆయన బల్లమీదే ఉన్నాయి, వాటి మీద తన కాఫీ కప్పు పెట్టుకుని, చీర ఎన్ని గజాలుంటుందని అడిగాడు. చెప్పాను. పిన్నులు లేకుండా ఎలా నిలుస్తుందని అడిగాడు. అదీ చెప్పాను. ఏ ఊరు మీది, అక్కడ పులులుంటాయా అన్నాడు. యుద్ధకాలంలో సైన్యంతో కలకత్తా వెళ్ళినప్పుడు తిన్న కోడికూర, ఆ కారానికి తన కళ్ళలో తిరిగిన నీళ్ళు, అదంతా ఆయన చెబుతుంటే ఇప్పుడు అడుగుతాడు, ఇదిగో ఇప్పుడు అడుగుతాడు అని చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన నవ్విన చోటల్లా నవ్వుతూ కూర్చున్నాను. ఆ చేతులకి ఏ పని వచ్చునో మాత్రం ఆ దొర అడగలేదు. చివరికి లేచి నిలబడి, నాతో మాట్లాడటం ఎంతో ఆనందంగా ఉందని చెప్పి చెయ్యి కలిపాడు. కారులో మా వారు అంతసేపు మాట్లాడారంటే వచ్చినట్టే కదా అన్నారు. పోయిందండీ, ఏ ఊరని అడిగాడు అన్నాను. ఇంజనీరు కదా, ఆయనకి అర్థం కాలేదు.

ఆ వారమే ఫోన్ వచ్చింది. సర్జరీలో ఖాళీ లేదు, మత్తుమందు విభాగంలో ఉంది, మీరు మా అందరికీ ఎంతో నచ్చారు అని. నచ్చానట! నచ్చడానికి నేనేమన్నా పెళ్ళిచూపులకి వెళ్ళానా?

చేరాను. చేరక ఏం చేస్తాను? రిటైరయ్యేదాకా ఆపరేషన్ బల్లకి తలవైపునే నా చోటు. ఆ పని చిన్నదని అనను, ఎంతమంది తమ ప్రాణాన్ని నా చేతిలో పెట్టి నిద్రపోయారో. కానీ అడ్డంగా కట్టిన గుడ్డకి అవతల ఇంకొకరి చేతులు కదులుతుంటే, ఇవతల నా వేళ్ళు గాలిలో వాటంతట అవే ముడులు వేసేవి. ఇన్నేళ్ళయినా కోపం తగ్గలేదా అని మీరడగవచ్చు. తగ్గలేదు. జవాబు తప్పు చెప్పి ఓడిపోయి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. నన్ను ఓడించనైనా ఓడించలేదు వాళ్ళు, పరీక్షే పెట్టలేదు.

తరువాత కొన్ని వారాలకి మనవరాలికి సీటు వచ్చింది. మా అమ్మాయి ఏడ్చింది, అల్లుడు కనబడ్డవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు, ఆ ముగ్గురు అంకుల్సూ వచ్చి తమ కోచింగే కారణమని మళ్ళీ సమోసాలు తిన్నారు. నేను సేమ్యా పాయసం కాస్తూ గిన్నెలు ఎత్తి పడేస్తున్నాను. అందరూ వెళ్ళాక మనవరాలు వచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చుంది.

"అమ్మమ్మా, వై ఆర్ యూ మ్యాడ్? నీకు హ్యాపీగా లేదా?"

సంతోషం లేకేం, కడుపు నిండిపోయింది. కానీ వాళ్ళు నిన్నేం అడిగారని ఇచ్చారే అన్నాను. దాని మార్కులూ అది చేసిన పనీ ఆయన ముందే చదివేసి ఉన్నాడనీ, మనిషి ఎలాంటిదో చూడటానికే అలా మాట్లాడతారనీ అది ఓపికగా చెప్పింది. దాంతో నా కోపం రెట్టింపయింది. నా కాయితాలు కూడా ఆ బల్లమీదే ఉన్నాయి కదా, కప్పు కింద! అవే కబుర్లు. దీన్ని తమలో కలుపుకోవచ్చో లేదో చూసుకోవడానికి దీనితో చెప్పారు, కలుపుకునే ఉద్దేశమే లేదు గనుక నాతో చెప్పారు. ఎవరికీ చెప్పని ఆ చీర గజాల సంగతి ఆవేళ దానికి మొత్తం చెప్పేశాను.

అయ్యో అంటుందనుకున్నాను. అనలేదు. కుర్చీ నాకు ఎదురుగా లాక్కుంది.

"ఓకే. నేనే ఆ ఛీఫ్ అనుకో. చెప్పు అమ్మమ్మా, నీకు ఏం చేయడం వచ్చు?"

ఆనాడు కారులో మననం చేసిన ఇంగ్లీషు వాక్యాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. తెలుగులోనే చెప్పాను. తాటిచెట్టు మీదినుంచి పడిపోయిన కల్లుగీత మనిషి, స్ప్లీన్ చితికిపోయి కడుపంతా నెత్తురు, మా పెద్ద డాక్టరుగారు ఊళ్ళో లేరు, మధ్యాహ్నమే కమ్ముకొచ్చిన గాలివానకి కరెంటు పోయింది, నర్సమ్మలు రెండువైపులా టార్చిలైట్లు పట్టుకుంటే కడుపు తెరిచాను. అతను బతికి ఎండాకాలంలో నాకు గంపెడు ముంజెలు తెచ్చిచ్చిన సంగతికి వచ్చేసరికి మనవరాలు చెయ్యెత్తి ఆపింది.

"వెయిట్, వెయిట్. అంత బ్లడ్ ఉంటే నీకేం కనపడదు కదా. బ్లీడింగ్ ఎలా ఆపావు?"

ఈ దేశంలో నా సర్జరీ గురించి నన్నొకరు అడిగిన మొదటి ప్రశ్న అది. కళ్ళతో కాదే, వేళ్ళతో అని, దాని చెయ్యి తీసుకుని రక్తనాళం ఎక్కడ దొరుకుతుందో, ఎలా నొక్కిపట్టాలో చూపించాను. అడ్డుతెర లేదు, తలవైపు కుర్చీ లేదు. అది ఇంకా అడిగింది, నేను ఇంకా చెప్పాను, పాయసం గడ్డకట్టిపోయింది.

కాలం మారిందని మా అమ్మాయి అంటుంది. మారే ఉంటుంది, కాదనను. ఆనాడు ఆ కాఫీ కప్పు వెనక ఇలాంటిది ఒక్కతె కూర్చుని ఉంటే ఎంత బాగుండేది.