ముందు ఆగుడు, తర్వాత ఉరుకుడు

ఒమాన్‌లోని ఇబ్రా ఊళ్లో మెకానిక్ షెడ్లన్నీ ఒకచోట ఉండే పేటను సనాయియా అంటారు. ఆ సనాయియాలో గంగాప్రసాద్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇద్దరే: కాగితాల మీద సంతకం కావాల్సి వచ్చినప్పుడు వీసా ఇచ్చిన యజమాని కఫీలు, కోపం వచ్చినప్పుడు భార్య నవీన. మిగతా లోకానికి ఆయన ఉస్తాద్. ఆ మాట చెవిన పడితే చాలు, బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నా ఆయన ఛాతీ రెండంగుళాలు పొంగేది. బల్బు మార్చమని వచ్చినవాడు తెలివిగా రెండుసార్లు ఉస్తాద్ అంటే, ఇంజన్ కూడా తుడిపించుకుని పోయేవాడు.

వాళ్ల కాపురం షెడ్డు వెనక గదిలో. వంటింటి కిటికీ షెడ్డులోకే తెరుచుకుంటుంది. అందువల్ల నవీనకు టీవీ అవసరం లేకుండా పోయింది. ఉల్లిగడ్డలు తరుగుతూనే ఎవరి గేర్‌బాక్సు పోయిందో, ఎవరి గొప్పలు ఎంతో వినేది. మాట్లాడేది మాత్రం తక్కువ. రెండేళ్ల నుంచి మరీ తక్కువ.

గంగాప్రసాద్‌కు పని నేర్పింది కోరుట్లలో పెద్దులు అనే ముసలి మేస్త్రీ. ఆయన ఒక నియమం పెట్టాడు. బాగుచేసిన బండిని ఓనరు మొదటిసారి నడిపేటప్పుడు, చేసినవాడు పక్క సీట్లో కూర్చోవాలి. తన పని మీద తనకు నమ్మకం ఉంటే కూర్చుంటాడు, లేకపోతే ఇంకోసారి విప్పుతాడు. గంగాప్రసాద్ ఆ నియమాన్ని పాస్‌పోర్టుతో పాటు ఒమాన్ తెచ్చుకున్నాడు. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు. వాంతులవుతున్న రోజు కూడా ఒక నీళ్ల ట్యాంకరులో కూర్చుని వచ్చాడు. ఆ కథ అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

ఆ షెడ్డుకే తారిఖ్ ఒక బండిని లారీ మీద వేసుకుని తెచ్చాడు. తారిఖ్‌ది అదే ఊరు, ఆఫీసులో ఉద్యోగం, ఎప్పుడు చూసినా ఒంటి మీద ఇస్త్రీ మడత నలగని తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా. బండి మాత్రం ఆయన కన్నా ఇరవై ఏళ్లు పెద్దది. అరవయ్యారు మోడల్ అమెరికా కారు, రెండే తలుపులు, ముందు ఎనిమిది సిలిండర్ల ఇంజన్. ఎవరిదో ఖర్జూరం తోటలో ఏళ్ల తరబడి కోళ్లగూడుగా ఉండిపోయింది. సీట్లు దులిపితే ఈకలు, డిక్కీ తెరిస్తే రెండు గుడ్లు. గుడ్లు పాతవో కొత్తవో తేల్చే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"నవంబర్‌లో నేషనల్ డే," అన్నాడు తారిఖ్ హిందీలో. "ఊరేగింపులో దీన్ని నేనే నడపాలి. పక్కన మా అమ్మ కూర్చోవాలి. అమ్మకు మాటిచ్చాను. కానీ ఉస్తాద్, సామాను అమెరికా నుంచి రావాలి. ఈ ఏడాదికి ఒక్క పెట్టే తెప్పించగలను. అందులో ఏం రావాలో నువ్వు చెప్పు."

గంగాప్రసాద్ బండి కిందికి దూరి గంటసేపు బయటికి రాలేదు. వచ్చాక ఫిల్టర్ డబ్బా అట్ట చించి, మార్కర్‌తో తెలుగులో రాశాడు.

ఒకటి, ఆగుడు. రెండు, తిరుగుడు. మూడు, పట్టి ఉంచుడు. నాలుగు, సల్లవడుడు. ఐదు, ఉరుకుడు.

తారిఖ్‌కు అర్థమయ్యేలా హిందీలో విడమరిచి చెప్పాడు కూడా. నాలుగు చక్రాలకూ పాతకాలపు డ్రమ్ము బ్రేకులే. వాటికి ఆయిల్ ఒక్క డబ్బాలోంచి ఒక్క దారిలో పోతుంది. ఎక్కడ ఒక్క పైపు కారినా నాలుగు చక్రాలూ చేతులెత్తేస్తాయి. కాబట్టి ముందు చక్రాలకు డిస్కులు, రెండు దారుల కొత్త సిలిండరు కావాలి. స్టీరింగు పావు చుట్టు తిప్పితే గానీ చక్రానికి కబురు అందదు. బెల్టుల్లేవు. రేడియేటర్ ఇబ్రా ఎండకు పది నిమిషాలు ఆగదు. ఇవన్నీ అయ్యాకనే ఇంజన్‌కు బలం పెంచాలి.

అట్టను కిటికీ పక్కన మేకుకు తగిలించాడు. అట్ట మీద రాసే అలవాటు, ఎప్పుడూ ఆగుడుతోనే మొదలుపెట్టే అలవాటు ఆయనకు రెండేళ్ల కిందటే వచ్చింది. ఎందుకు వచ్చిందో నవీనకు తెలుసు. ఆమె తమ్ముడు ఆంజి దుక్మ్ రేవు దగ్గర ఒక కంపెనీ క్యాంపు పికప్ నడిపేవాడు. ఆ బండి తలుపు మీద కంపెనీ పేరు కొత్తగా రాయించారు. ఏసీ కొత్తది. టైర్లు మాత్రం గీసిన గుండులా నున్నగా ఉండేవి. పెద్దసార్లు చూడ్డానికి వచ్చినప్పుడు తలుపు కనబడుతుంది, టైరు అడుగు ఎవరు చూస్తారు? బండి బోల్తా పడి ఆంజి పోయాక కూడా ఏసీ నడుస్తూనే ఉందని చూసొచ్చినవాళ్లు చెప్పారు. ఆ నెలలోనే గంగాప్రసాద్ ఆమె ముందు కూర్చుని, నా చేతిలోంచి పోయే ఏ బండైనా ముందు ఆగుతుంది, తర్వాతే కదులుతుంది అని మాటిచ్చాడు. ఆమె తలూపింది. అంతే.

అట్ట మేకుకు ఎక్కిన రోజు నుంచి షెడ్డు ముందు బెంచీ మీద పెద్దమనుషుల సభ మొదలైంది. పక్క పార్టుల దుకాణం సమీయుల్లా హైదరాబాద్ మనిషి. పొగగొట్టాలు అమ్ముతాడు కనుక లోకంలోని కష్టాలన్నీ పొగగొట్టం మారిస్తే తీరతాయని ఆయన నమ్మకం. ఎదురు షెడ్డు పెయింటర్ అబ్దుల్‌కు రంగు వేశాక బండి నడవకపోయినా చింత లేదు. ఇద్దరికీ రోజుకు నాలుగు కరక్ చాయ్‌లు, నలభై సలహాలు.

"అరె భాయ్, బ్రేకు ఎవనికి కనబడ్తది?" అన్నాడు సమీయుల్లా. "సైలెన్సర్ మారిస్తే చెవిటోనికి గూడ వినబడ్తది."

"ఊరేగింపుల ఎవడన్న ఆగినందుకు చప్పట్లు కొడ్తడా?" అన్నాడు అబ్దుల్.

"బెల్టంట. ఇంత మంచి బండికి బెల్టు పెడితే షేర్వానీ మీద తాడు గట్టినట్టుంటది," అన్నాడు మళ్లీ సమీయుల్లా.

గంగాప్రసాద్ రెండు వారాలు గట్టిగానే నిలబడ్డాడు. మూడో వారం తారిఖ్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "చూడు ఉస్తాద్. బ్రేకులు ఎవడైనా మారుస్తాడు. ఈ ఇంజన్‌ను సింహంలా అరిపించేవాడు ఈ షర్ఖియా ఇలాకా మొత్తంలో ఒక్కడే ఉన్నాడంటున్నారు. నిజమేనా?"

కిటికీ లోపల నవీన గరిటె ఆగిపోయింది. ఆ ఛాతీ ఎంత పొంగుతుందో ఆమెకు చూడకుండానే తెలుసు.

పెట్టె వచ్చింది. అందులో కార్బురేటర్, ఇంజన్ సామాను, తళతళలాడే పొగగొట్టాలు. డిస్కు ఒక్కటి లేదు, బెల్టు ఒక్కటి లేదు. ఆ మధ్యాహ్నం షెడ్డులో ఆయనకు అన్నం వడ్డించి టిఫిన్ డబ్బా ఎత్తబోతే, దాని కింద వేడి తగలకుండా పెట్టుకున్న ఆ అట్ట కనబడింది. నవీన కూడబలుక్కుని చదివింది. ఉరుకుడు పక్కన ఐదు కొట్టేసి ఒకటి చేశాడు. ఆగుడు పక్కన ఒకటి కొట్టేసి ఐదు చేశాడు.

"ఏందయ్యా ఇది?"

"అది... వచ్చే ఏడు రెండో పెట్టెల బ్రేకులు తెప్పిస్తడట."

"మరి ఈ ఏడు?"

"ఈ ఏడు పైలంగ నడుపుతడు."

"ఆంజి గూడ పైలంగనే నడిపిండు."

ఆయన అన్నం కలుపుతూనే ఉండిపోయాడు. పప్పు కలిసి, చారు కలిసి, ఇంకా కలుపుతున్నాడు. నవీన అట్ట తుడిచి మళ్లీ మేకుకే తగిలించింది.

నెల రోజుల్లో ఇంజన్ తయారైంది. పనిలో వంక పెట్టడానికి లేదు. మనిషికి పొగడ్త పిచ్చి ఉంది గానీ చేతిలో పనితనమూ ఉంది. అబ్దుల్ ఎర్ర రంగు వేశాడు. ఊరేగింపు ఇంకో నాలుగు రోజులుందనగా తారిఖ్ పొద్దున్నే వచ్చి తాళం వేలికి తిప్పుతూ నిలబడ్డాడు. మొదటి తిప్పు. సనాయియా నుంచి వాదీ అనే ఎండిపోయిన వాగు దాకా దిగుడు రోడ్డు, అక్కడినుంచి వెనక్కి. వాళ్లమ్మ కోసం దారి చూసుకోవాలట.

"కూర్చో ఉస్తాద్. నీ రూల్ కదా."

రూలే మరి. పద్దెనిమిదేళ్లుగా ఊరందరికీ చెప్పుకున్న రూలు. గంగాప్రసాద్ చేతులు తుడుచుకున్నాడు. తుడిచినవే మళ్లీ తుడుచుకున్నాడు. బెంచీ వైపు చూశాడు.

"ఎనక సీటు ఖాళీనే ఉన్నది. రాండ్రి. ఇంజనే ముందన్నరు గదా."

సమీయుల్లా వెంటనే మోకాలు పట్టుకున్నాడు. "నా మోకాలు మడతపడదు భాయ్. నేను ఈడనే నిలబడి వీడియో తీస్త." ఆ మోకాలు పొద్దున రెండు మెట్లు ఒకేసారి ఎక్కడం నవీన చూసింది. అబ్దుల్‌కు తాను వేసిన రంగు వాసనే పడదని ఆ రోజే తెలిసింది. ఇరవై ఏళ్ల పెయింటర్‌కు ఎంత కష్టం.

వంటింటి తలుపు తీసిన చప్పుడైంది. నవీన పెళ్లిళ్లకు కట్టే పచ్చ చీర కట్టుకుని వచ్చింది. ముందు సీటు వంచి, వెనక్కి దూరి, కొంగు సర్దుకుని కూర్చుంది.

"ఏమే, నువ్వెందుకు?"

"నువ్వు జేసినవ్ గదా. నాకు నమ్మకమే. పోదాం పట్టు."

"దిగు నవీనా."

"నువ్వు కూసునే బండిల నేను కూసుంటే ఏమైతది? ఆగుతది గదా?"

గంగాప్రసాద్ ముందు సీట్లో కూర్చున్నాడు. తారిఖ్ తాళం తిప్పాడు. ఇంజన్ అరిచింది. షెడ్డు రేకుల మీది పావురాలన్నీ లేచిపోయాయి, అటు పక్క షెడ్డులో ఎవడో పానా జారవిడిచాడు. సమీయుల్లా ఫోను ఎత్తి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు, ఆ పొగగొట్టం తన దుకాణంలో కొన్నది కాదన్న బాధ కూడా మర్చిపోయాడు.

గంగాప్రసాద్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. నవీన ఆయన్ను చూడటం లేదు. ఆమె చెయ్యి సీటు పక్కన, సీటు సందుల్లో, తలుపు మూలన నెమ్మదిగా తడుముతోంది, జారిపోయిన చెవి కమ్మ కోసం వెతుకుతున్నట్టు. బెల్టు కోసం. లేదని తెలిసి కూడా వెతుకుతోంది.

ఆయన చెయ్యి చాపి తాళం వెనక్కి తిప్పేశాడు. బండి గొంతు తెగినట్టు ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు తారిఖ్.

"ఖలాస్. ఇది పోదు."

"ఎందుకు?"

"ఆగదు గనక."

"ఆగదా? ముందు చెప్పాలి కదా?"

"ముందే చెప్పాను. తర్వాత నువ్వు నన్ను సింహం మేస్త్రీని చేశావు." గంగాప్రసాద్ హిందీలో ఈ మాట అంటూ తల దించుకున్నాడు. "నాది తప్పు. నా రూలు నోటితో చెప్పుకోవడానికే మిగిలింది. మీ అమ్మను దీంట్లో ఎక్కించొద్దు. నా భార్యను నేను ఎక్కించను."

తారిఖ్‌కు కోపం వచ్చింది. దిగి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బెంచీ దగ్గర ఆగి, "మీలో ఎవరైనా కూర్చుంటారా?" అని అడిగాడు. బెంచీ మీద చాయ్ గ్లాసులు రెండే ఉన్నాయి. మనుషులు లేరు. ఆ గ్లాసుల వైపు చాలాసేపు చూసి తాళం గంగాప్రసాద్ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నేషనల్ డే నాడు ఆ ఎర్ర బండి ఊరేగింపులో వెళ్లింది. లారీ మీద. చుట్టూ జెండాలు, పూలు. తారిఖ్ అందులో కూర్చుని నిలబడ్డ బండిలోనే యాక్సిలరేటర్ తొక్కుతుంటే అది అరుస్తూ ఉంది. అంగుళం కదలకుండా షర్ఖియా అంతటికీ వినబడింది. పిల్లలు కేకలు పెట్టారు, పెద్దలు వీడియోలు తీశారు. చప్పట్లకు బండి నడవక్కర్లేదని ఆ రోజు తేలిపోయింది. వాళ్లమ్మ మాత్రం లారీ క్యాబిన్లో డ్రైవరు పక్కన బెల్టు పెట్టుకుని, ఖర్జూరాలు తింటూ, హాయిగా చేతులూపింది. ఇదే బాగుందని కూడా అన్నదట.

రెండో పెట్టె ఎండలు మొదలయ్యే ముందు వచ్చింది. డిస్కులు, రెండు దారుల సిలిండరు, స్టీరింగు పెట్టె, కొత్త రేడియేటర్, నాలుగు సీట్లకూ భుజం మీదుగా వచ్చే బెల్టులు. సమీయుల్లా తన దుకాణం ముందు, ఇక్కడ బ్రేకు సామాను దొరుకును అని కొత్త బోర్డు పెట్టాడు. భద్రత గురించి ఇప్పుడు ఆయన చెప్పినంతగా ఎవరూ చెప్పలేరు. గంగాప్రసాద్ ఆ బోర్డు చదివి నవ్వబోయి, కిటికీ వైపు చూసి మానుకున్నాడు. మేకుకున్న అట్ట మీద అంకెలు మళ్లీ సరిదిద్ది ఉన్నాయి. ఆ వంకర అంకెలు ఆయనవి కావు.

మొదటి తిప్పుకు నవీన మళ్లీ ఆ పచ్చ చీరే కట్టుకుంది. ఈసారి ఎవరూ దిగమనలేదు. గంగాప్రసాద్ వెనక్కి వంగి ఆమె బెల్టు తానే పెట్టి, రెండుసార్లు లాగి చూసి, ముందుకు వచ్చి కూర్చున్నాడు. వాదీలోకి దిగే చోట రోడ్డు మీద మేకలు అడ్డం వచ్చాయి. తారిఖ్ కాలు నొక్కాడు. బండి ముక్కు కొంచెం కిందికి వంచి, గీత గీసినట్టు ఆగింది. చప్పుడే లేదు. మేకలు తీరిగ్గా దాటిపోయాయి.

నవీన భుజం మీది బెల్టును చేత్తో పట్టుకుని ఉంది. దాన్ని వదలకుండానే అంది, "ఇంకొక్కసారి ఆపుమను."

గంగాప్రసాద్ ఆ మాట హిందీలో చెప్పాడు. తారిఖ్ కొంచెం ముందుకు పోనిచ్చి ఆపాడు.

"ఇంకొక్కసారి."

ఖాళీ రోడ్డు. ముందు ఏమీ లేదు. తారిఖ్ ఎందుకని అడగలేదు. మళ్లీ ఆపాడు.