బాపు చెవి, రెండు కుండలు

మొన్న కరీంనగర్‌లో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. వెళ్లాను అనడం కంటే, కోడలు చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది అనడం న్యాయం. ఆర్నెల్లుగా మా ఇంట్లో టీవీ మోత గురించి పంచాయితీ నడుస్తోంది. ఈ కాలం మనుషులు నోట్లో నోట్లో మాట్లాడుకుంటారనీ, లోపం వాళ్ల మాటలోనే ఉందనీ నేను వాదిస్తూ వచ్చాను. ఆస్పత్రిలో ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చింది అక్కడి అమ్మాయి. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కాలట. మొదట కొన్ని బాగానే వినిపించాయి. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. అద్దం అవతల ఆ పిల్ల ముఖం చూస్తే, పాపం నా కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంది. బడిలో ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు, ఈ వయసులో అవుతానా అనుకొని నొక్కాను. మళ్లీ నొక్కాను. ఆ పిల్ల తలుపు తెరిచి, "అమ్మమ్మా, నేనింక సౌండే పెట్టలే. నువ్వు ఊకెనే నొక్కుతున్నవ్" అంది. కోడలు పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వినికిడి విషయంలో అబద్ధం చెప్పడం నాకు అది మొదటిసారి కాదు.

మాది కరీంనగర్ వైపు మగ్గం నేసే ఇల్లు. తాత మగ్గం అందరి కడుపులూ నింపలేకపోతే, మా బాపు, ఆయన తమ్ముడు గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గుబాయి ఊరికి వచ్చారు. ఆ తమ్ముణ్ని నేను కాక అని పిలిచేదాన్ని. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన నాలుగైదేళ్ల నాటి సంగతి ఇది. అప్పటికి నాకు పదేళ్లు. కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో రెండే అర్రలు. ముందు అర్రలో కాక, వెనక అర్రలో బాపు, అమ్మ, నేను. అమ్మను నేను అవ్వ అనేదాన్ని. వాడంతా బొగ్గు పొయ్యిల పొగ. ఉతికి దండెం మీద ఆరేసిన బట్టలు ఆరేలోగానే నల్లబడేవి. వాటిని చూసి అవ్వ రోజూ ఒక విడత తాత మగ్గాన్ని, ఒక విడత కంపెనీని తిట్టేది. అన్నం ఉడికేలోగా రెండు విడతలూ పూర్తయ్యేవి. అలా తిట్టుకుంటూనే మమ్మల్ని సుఖంగా ఉంచింది.

బాపుది టింబర్ పని. భూమి లోపల బొగ్గు తవ్వేసిన చోట పైకప్పు కూలకుండా కట్టె దిమ్మెలు నిలబెట్టడం ఆయన వంతు. దిమ్మె నిలిపే ముందు చేతికర్రతో పైకప్పును కొట్టి వినాలి. రాయి దిట్టంగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడి ఉంటే మోత బోలుగా వస్తుంది. బాపు "గట్టి" అంటే ముఠా మొత్తం ముందుకు అడుగు వేసేది. "డొల్ల" అంటే ఎవరూ కదిలేవాళ్లు కాదు. కాక కూడా ఆ ముఠాలోనే ఉండేవాడు. "మా అన్న చెవి ఉన్నంతసేపు నాకేం ఫికర్ లేదు" అని వాడలో అందరితో చెప్పేవాడు. ఆ చెవి తన సొంత ఆస్తి అయినట్టు దాని గొప్పలన్నీ తానే చెప్పుకునేవాడు. బాపు మాత్రం నవ్వేవాడు.

ఆ చెవే చెడింది. బాయిలో పైనుంచి నీళ్లు కారుతూ ఉండేవట. ఒక వానాకాలం బాపు ఎడమ చెవి దురదపెట్టడం మొదలైంది. ఆయన అగ్గిపుల్లతో తిప్పుకున్నాడు. పుల్ల విరిగితే అవ్వ పిన్నీసు ఇచ్చింది. కొన్నాళ్లకు చీము కారసాగింది. ఇక మా వాడకు పండగ వచ్చింది. చెవి అంటే ప్రతి ఇంట్లోనూ ఒక వైద్యుడు లేచాడు. ఎల్లిపాయ వేసి కాచిన నూనె పొయ్యమన్నారు ఒకరు. ఆకు పసరు పిండమన్నారు ఇంకొకరు. పక్కింటి మరాఠీ ముసలమ్మ బాలింత చనుబాలు రెండు చుక్కలు వేస్తే రాత్రికే తగ్గుతుందని హామీ ఇచ్చింది. అవ్వ ఎవరి మాటా కాదనలేదు. దేని తర్వాత ఏది పోసిందో ఆమెకే గుర్తుండేది కాదు. రోజూ సాయంత్రం బాపు తలను ఒళ్లో పెట్టుకొని, ఇనుప గంటెలో నూనె వెచ్చబెట్టి పోసేది. ఆ ఎల్లిపాయ వాసన ఇప్పటికీ ఎవరి వంటింట్లో వచ్చినా లేచి బయటికి వచ్చేస్తాను. కుడి చెవి సంగతి వేరే. బొగ్గు పేల్చే తూటాలకు అది ఎప్పటినుంచో జుంయ్‌మంటూ ఉండేదట. అది బాయి పనిలో భాగమే అనుకున్నాడు గనక ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

వెనక నుంచి పిలిస్తే బాపు పలకకపోవడం అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. వాడలో వాళ్లు మాత్రం ఆయనకు పొగరెక్కిందనుకున్నారు. కాక కూడా రెండు రోజులు మూతి ముడుచుకొని, "అన్న నా మీద కోపానికి వచ్చిండా ఏంది వదినా" అని అవ్వను అడిగాడు. అవ్వ ఏదో చెప్పి మాట మార్చింది. ఆ సాయంత్రం దవాఖానకు పోదామని బాపును బతిమాలింది. ఆయన గొంతు తగ్గించి మాట్లాడాననుకొని గట్టిగానే అన్నాడు.

"దవాఖానల చెవుడని రాసుకుంటరే. రాసుకున్నంక నన్ను లోపలికి పోనియ్యరు. గీ క్వార్టర్ ఉంటదో ఉండదో. మల్ల మగ్గం కాడికి పోతమా? జర ఓపిక పట్టు, నూనెకు తగ్గుతది."

అవ్వ ఏడ్చింది. ఆయనకు ఏడుపు వినిపించలేదు. ముఖం చూసి తెలుసుకొని, లేచి బయటికి వెళ్లిపోయాడు. నాకు ఆ రోజు మొదటిసారి భయమేసింది.

కుండల ఉపాయం బాపుదే. పెరట్లో రెండు కుండలు పెట్టాడు. ఒకదాన్ని ఇసుకతో నింపాడు, అది గట్టి. ఖాళీది డొల్ల. రెండు మోతల తేడా చెవికి అందుతోందో లేదో చూసుకోవాలని ఆయన ఉద్దేశం. డ్యూటీ నుంచి వచ్చి స్నానం కాగానే గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. నేను ఒక పుల్లతో ఏదో ఒక కుండను కొట్టాలి. ఆయన గట్టి అనో డొల్ల అనో చెప్పాలి. మొదటి వారం అన్నీ సరిగ్గానే చెప్పాడు. నాకది మంచి ఆటలా ఉండేది. తర్వాత ఒకటి తప్పాడు, ఇంకో రోజు మూడు తప్పాడు. ఒక సాయంత్రం పదిసార్లు కొడితే ఆరు తప్పాడు. తప్పని చెప్పినప్పుడల్లా ఆయన భుజాలు కిందికి జారడం నాకు వెనక నుంచి కనిపించేది. ఆ రోజు ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అవ్వ పొయ్యి దగ్గర కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. మరుసటి రోజు ఖాళీ కుండ మీద కొట్టాను. బాపు "గట్టి" అన్నాడు.

"సరిగ్గ చెప్పినవ్ బాపూ" అన్నాను.

వినపడదేమోనని ఆయన ముందుకు వెళ్లి మరీ చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. ఆ రోజు ఒక రొట్టె ఎక్కువ తిన్నాడు. "నూనె పనిచేస్తున్నట్టుందే" అని అవ్వతో అన్నాడు. అవ్వ ఆ మాటకు దేవుడికి దండం పెట్టుకుంది. ఇల్లంతా తేలికపడింది. ఇక నేను ఆపలేకపోయాను. రెండే జవాబులున్న ప్రశ్నకు గుడ్డిగా చెప్పినా సగం ఒప్పవుతుంది. మిగతా సగాన్ని నేను ఒప్పు చేశాను. పన్నెండు రోజులు అలా చేశాను. ఇప్పుడు లెక్కపెట్టింది కాదు, అప్పుడే గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకున్నాను, బాపు బాగుపడుతున్న గుర్తుగా.

పదమూడో రోజు నేను బడిలో ఉండగా బాయి సైరన్ వేళ కాని వేళ మోగింది. ఆగకుండా మోగింది. ఆ మోతకు అర్థం మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పంతులు పుస్తకం మూసేశాడు. నేను ఇంటికి పరుగెత్తేసరికి అవ్వ అప్పటికే చెప్పుల్లేకుండా బాయి వైపు ఉరుకుతోంది. బాయి దగ్గర ఆడవాళ్లంతా గుంపుగా నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవరి ముఖం చూడటం లేదు. ఒక్కొక్కరే పైకి వస్తుంటే, తమ మనిషి కనిపించిన ఆమె గుంపులోంచి విడిపోయి ఏడ్చేది, మిగిలిన వాళ్లం ఇంకొంచెం దగ్గరగా జరిగేవాళ్లం. బాపు వచ్చాడు. నల్లటి ముఖంలో కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. స్ట్రెచర్ ఒక కొస ఆయన చేతుల్లో ఉంది. దాని మీద కాక ఉన్నాడు. మోకాలి కింద గోనెపట్టా కప్పి ఉంది.

జరిగింది ముఠా వాళ్లు చెప్పారు. బాపు పైకప్పును కొట్టి "గట్టి" అన్నాడు. అందరూ అడుగు వేశారు. కాసేపటికి ఒక దిమ్మె కిర్రుమంది. ఆ మోత వింటే పారిపోవాలని బాయిలో అందరికీ తెలుసు. అందరూ పారిపోయారు, కాకతో సహా. బాపు ఒక్కడు అటు తిరిగి పని చేసుకుంటూనే ఉన్నాడు. కాక "అన్నా, ఉరుకు" అని అరిచాడు. బాపు తిరగలేదు. కాక వెనక్కి వెళ్లి ఆయన్ని నెట్టేశాడు. బాపు అవతల పడ్డాడు, బండ కాక కాలు మీద పడింది.

ఆ కాలు తీసేశారు. కాకకు తెలివి రాకముందే బాపు తనంతట తానే డాక్టరు ముందు కూర్చొని చెవులు చూపించాడు. ఎడమ చెవి లోపలి పొరకు చిల్లు పడిందన్నాడు డాక్టరు.

"గింతకాలం ఏం పోసిన్రు ఇండ్ల? నూనె, పసరు పోసుడు, పుల్లలు పెట్టుడు వెంటనే బంద్ చెయ్యుండ్రి. తడి తగలనియ్యొద్దు, స్నానం చేస్తే దూది పెట్టుకో. చీము కారిన మొదటి వారమే వస్తే మందుతోని ఎండిపోయేది. కుడి చెవి తూటాల మోతకు పోయింది, అది మాత్రం రాదు."

అవ్వ ఇంటికి వచ్చి ఆ ఇనుప గంటెను పెరట్లో పూడ్చిపెట్టింది. కాక కాలు తన నూనె వల్లే పోయిందని బతికినన్నాళ్లూ నమ్మింది.

కాక దవాఖానలో ఉండగానే ఒక సాయంత్రం బాపు మళ్లీ కుండల దగ్గర కూర్చున్నాడు. "ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా" అన్నాడు. నేను పదిసార్లు కొట్టాను. ప్రతిసారీ ముందుకు వెళ్లి చెప్పాను. అయిదు తప్పాడు. పుల్ల పక్కన పెట్టమని సైగ చేసి, గోడ మీది గీతలు వేలితో చూపించాడు.

"ముందుగాల గూడ గిట్లనేనా?"

నేను తల ఊపాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. ఆయన నన్ను దగ్గరికి లాక్కొని, "పసిదాన్ని అడిగిన చూడు, నాది తప్పు" అన్నాడు. తడి చేత్తో గోడ మీది గీతలు తుడిచేశాడు. కంపెనీ విచారణలో పైకప్పు మోతను తానే తప్పుగా విన్నానని చెప్పాడు. కుండల సంగతి అవ్వకు గానీ కాకకు గానీ ఏనాడూ చెప్పలేదు. తర్వాత ఆయన్ని పైన, దీపాలు ఇచ్చే గదిలో వేశారు. లోపలికి పోయే ప్రతి మనిషికీ దీపం ఇస్తూ వాళ్ల పెదవుల వైపు చూసేవాడు. ఏడాదికి ఎడమ చెవి ఎండి కొంచెం వినికిడి వచ్చింది. కాక బాయి దారిలో చిన్న చాయ్ డబ్బా పెట్టుకున్నాడు. చంకకర్ర పక్కన పెట్టి, "నా ఎడమ చెప్పు ఎన్నడు అరగదు" అని అందర్నీ నవ్వించేవాడు. నేను నవ్వేదాన్ని కాదు. నాకు చాయ్ మీద ఇష్టం లేదేమోనని బెల్లం ఎక్కువ వేసి ఇచ్చేవాడు. అవ్వ నూనెను తిట్టుకుంది, బాపు తన చెవిని తిట్టుకున్నాడు. నన్ను తిట్టేవాళ్లు ఎవరూ లేకుండానే ముగ్గురూ వెళ్లిపోయారు.

ఇదంతా ఆ చిన్న గదిలో కూర్చొని ఉండగానే గుర్తొచ్చింది. ఆ అమ్మాయి, "మల్ల మొదటి నుంచి చేద్దామా అమ్మమ్మా" అని అడిగింది. సరే అన్నాను. ఈసారి కళ్లు మూసుకున్నాను, అద్దం అవతలి ముఖం చూడకుండా. వినిపించిన వాటికి నొక్కాను. మిగతా సేపంతా బొటనవేలు మీట మీద కదలకుండా పెట్టుకొని కూర్చున్నాను. అయిపోయాక ఆ పిల్ల కాగితం చూసి, కుడి చెవిలో వినికిడి సగానికి పైగా పోయింది, మిషన్ పెట్టుకోవాలి అంది. "అవును బిడ్డా, నాకు వినపడతలే" అన్నాను. కోడలు వింతగా చూసింది, ఇంత తేలికగా ఒప్పుకుంటానని ఆమె అనుకోలేదు. అరవై ఏళ్లకు పైనే గడిచాయి గానీ, ఆ పన్నెండు రోజులు నాకింకా గడవలేదు.