అరవై నిమిషాల క్యాసెట్టు

మా ఇంట్లో ఇంగ్లీషు రాక్ సంగీతానికి పెద్ద దిక్కును నేనే. ఈ పదవి నాకు ఎవరూ ఇవ్వలేదు, పోటీకి కూడా ఎవరూ రాలేదు. సూరత్‌లో ఏ తెలుగువాళ్ల ఇంట్లో భోజనాలకు కలిసినా, చేతులు కడుక్కునేలోపు ఒక పాత బ్యాండు ఆల్బమ్ గురించి మొదలుపెట్టేవాణ్ని. "అందులో తీసేయడానికి ఒక్క పాట లేదు, చేర్చడానికీ ఒక్క పాట లేదు" అని ముగించేవాణ్ని. ఆ మాట వచ్చేలోపే మా ఆవిడ పెరుగు గిన్నె తెచ్చి నా ముందు పెట్టేది.

ఈ పెద్దరికం కిందటి వానాకాలంలో, ఫ్యాక్టరీకి పోయే దారిలో కోసాడ్ దాటుతుండగా, కారులోనే పోయింది.

మా అమ్మాయికి ఇంజనీరింగ్ కాగానే ఉద్యోగం వచ్చింది. ట్రైనింగ్ సూరత్ బయట కిమ్ అనే ఊరి దగ్గరి యూనిట్‌లో, అది పూర్తయ్యాక పోస్టింగ్ హజీరాలో. నేను పనిచేసే నూలు ఫ్యాక్టరీ కూడా కిమ్‌లోనే ఉంది కాబట్టి పొద్దున్నే ఇద్దరం ఒకే కారులో బయలుదేరేవాళ్లం. హజీరా మాకు అవతలి దిక్కు. అక్కడికి మారితే కంపెనీ బస్సే. కాలేజీ రోజులన్నీ చెవుల్లో ఇయర్‌ఫోన్లతో తిరిగిన పిల్ల, రోజూ గంటసేపు నా పక్క సీట్లో దొరికింది. ఆ గంటలో ఆమె మళ్లీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటుందేమోనని నా భయం. అందుకే నా దగ్గరున్న ఒకే ఒక్క ఆస్తిని, ఆ ఆల్బమ్‌ను, బయటికి తీశాను. ఫోన్‌లో వెతికి పెట్టమన్నాను.

మొదటి పాట నాకు తెలుసు. రెండోది ఎన్నడూ వినలేదు.

"ఇది వేరేది బిడ్డా, మార్చు."

"అదే డాడీ. రెండు రికార్డుల సెట్ అంట." స్క్రీన్ మీద వేలు కిందికి జరుపుతూనే ఉంది, పాటలు వస్తూనే ఉన్నాయి. "నీకు ఎన్ని తెలుసు ఇందుల?"

చూసుకుంటే సుమారు సగం తెలుసు.

"మరి ఇన్నేండ్ల సంది నువ్వు విన్నదేంది?"

నేను విన్నది హన్మకొండ చౌరస్తాలోని ఒక రికార్డింగ్ దుకాణం క్యాసెట్టు. కాలేజీలో ఉండగా ఖాళీ క్యాసెట్టు ఇచ్చి ఆ ఆల్బమ్ ఎక్కించమన్నాను. తొంభై నిమిషాలదైతే టేపు పల్చగా ఉండి ప్లేయర్‌లో చుట్టుకుపోతుందని అందరూ భయపెడితే, అరవైది ఇచ్చాను. దుకాణం ఆయన తనకు నచ్చిన పాటలు, తనకు నచ్చిన వరుసలో ఎక్కించాడు. చివరి పాట సగంలో టక్కున ఆగిపోయేది. మనిషి జీవితం కూడా ఇలాగే హఠాత్తుగా ఆగిపోతుందని ఆ బ్యాండు చెబుతోందంటూ హాస్టల్లో ఉపన్యాసం కూడా ఇచ్చాను. టేపు అయిపోయిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇదంతా చెప్పేసరికి మా అమ్మాయి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "సూ వాత్ ఛే!" అంది, భలే సంగతే అని గుజరాతీలో. "అంటే నీ ఫేవరెట్ బ్యాండ్ లండన్‌ది కాదు డాడీ, హన్మకొండది!"

పరువు కాపాడుకోవాలి కదా. దుకాణం ఆయన చేసిందే రైటు అన్నాను. రెండు రికార్డులంటూ ఆ బ్యాండువాళ్లు అనవసరంగా సాగదీశారు, ఒక్కటి చాలు, మిగతాది పాలలో నీళ్లు కలిపినట్టే అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. అక్కడ మొదలైంది మా లొల్లి.

రోజుకో పాట విచారణకు వచ్చేది. నేను తీసేయాలనేవాణ్ని, ఆమె ఉండాలనేది. "బక్వాస్ పాటలు సుత ఉండాలె డాడీ. ఇల్లన్నంక ఒక స్టోర్‌రూమ్ ఉండదా?" అనేది. స్టోర్‌రూమ్‌కు చుట్టాలను తీసుకెళ్లి కూర్చోబెడతామా అని నేను. అన్నిటికన్నా పెద్ద గొడవ ఒక ఎనిమిది నిమిషాల పాట మీద. అందులో మాటల్లేవు. డ్రమ్ముల మోత, దాని వెనక ఎవరో ఇనప మంచం ఈడుస్తున్నట్టు ఒక రొద.

"ఇది పాటనా? మా ఫ్యాక్టరీల గింత చప్పుడొస్తే మెషీన్ ఆపి మెకానిక్‌ను పిలుస్తం."

"జర ఓపిక పట్టు డాడీ. లాస్ట్‌ల మస్తుంటది."

ఆ లాస్ట్ దాకా నేను ఏనాడూ పోలేదు. నిమిషం కాగానే తీసేసేవాణ్ని, ఆమె మళ్లీ పెట్టేది, నేను మళ్లీ తీసేసేవాణ్ని.

సాయంత్రం ఇంట్లో కూడా అదే రగడ. "తండ్రిబిడ్డలకు ఇంకేం పంచాది దొరకలేదా?" అని మా ఆవిడ టీవీ శబ్దం పెంచేది.

నిజం చెప్పాలంటే నాకు గెలవాలని లేదు. గెలిస్తే వాదన అయిపోతుంది. అందుకే ఒకరోజు ఒప్పుకున్న పాటను మర్నాడు కాదనేవాణ్ని. దారిలో రైల్వే ఫాటక్ పడి కారు ఆగితే పైకి విసుక్కునేవాణ్ని, లోపల సంతోషించేవాణ్ని. హజీరా ఆర్డరు ఎప్పుడొస్తుందోనని ఆమె ఎదురుచూస్తుంటే, రాకుండా ఉంటే బాగుండని నేను అనుకున్నాను. కన్నతండ్రి అనుకోవాల్సిన మాట కాదు, అయినా అనుకున్నాను.

దసరా ముందు ఆర్డరు వచ్చింది. చివరి రోజు యూనిట్ గేటు దగ్గర దిగుతూ నా ఫోన్ నా చేతిలో పెట్టింది. "తీస్కో, నువ్వే గెలిచినవ్. నీ హన్మకొండ ఆల్బమ్ చేసి పెట్టిన." నేను చెప్పిన పాటలు, నేను చెప్పిన వరుస. చివరి పాటను కూడా సరిగ్గా టేపు ఆగిన చోటే కత్తిరించింది.

సోమవారం ఒక్కణ్నే కారెక్కి ఆ ఆల్బమ్ పెట్టాను. అద్భుతంగా ఉంది. ఒక్క పాట తీసేయడానికి లేదు. కోసాడ్ దాటేసరికే విసుగొచ్చింది, పక్క సీట్లో కాదనే మనిషి లేదు. ఫాటక్ పడింది. ఏం తోచక అసలు ఆల్బమ్‌కు మారి, ఆ మంచం ఈడ్చే పాట పెట్టాను. మొదటిసారి ఎనిమిది నిమిషాలూ విన్నాను. లాస్ట్‌లో మస్తుంటుందన్న ఆశతో శబ్దం కాస్త పెంచాను కూడా.

లాస్ట్‌లో ఏమీ లేదు. రొద ఆగిపోతుంది, అంతే.

ఆమెకు ఫోన్ చేశాను. హజీరా బస్సులో ఉంది.

"ఆ పాట లాస్ట్‌ల ఏం లేదు గద బిడ్డా."

"తెలుసు."

"తెలిసి వానకాలమంత ఎందుకు కొట్లాడినవ్ మరి?"



"అది సుత తీసేస్తే, కిమ్ దాకా ఏం మాట్లాడుకుందుము డాడీ?"