తస్లీమా వేసిన టెండరు

తస్లీమాకు ఏసీ విప్పడం రాదు. నిచ్చెన చూస్తేనే కాళ్లు వణుకుతాయి. అయినా షార్జాలోని సజ్జా లేబర్ క్యాంపులో మేం పంతొమ్మిది మందిమి ఇంకా గల్ఫ్ అన్నం తింటున్నామంటే ఆ నెల్లూరు మనిషి చలవే. కాదన్నవాడితో జగడానికి నేను సిద్ధం.

మాది హయాత్ బాషా గారి చిన్న ఏసీ కంపెనీ. మేం చూసినన్నాళ్లూ ఇక్కడి ఏడు ఎమిరేట్లకూ కలిపి ఉండే కేంద్ర సర్కారు క్లినిక్కుల పనులు నాలుగైదు పెద్ద కంపెనీలకే పోయేవి. పెద్దవాడు ఇంకొకడికిస్తాడు, వాడు మరొకడికి, ఆ మరొకడు మాకు. సర్కారు బిందె నిండుగానే పోస్తుంది, మా దాకా వచ్చేసరికి అడుగున తడి మిగులుతుంది. జూన్ ఎండలో మిద్దెమీద కాలే వీపులు మాత్రం మావే.

2022లో మా పై కంపెనీవాడు "వచ్చే నెల నుంచి మీకు పని లేదు, ఖలాస్" అన్నాడు. కంపెనీ మూతపడితే మా వీసాలూ పోయినట్టే. అప్పుడే కేంద్రంవాళ్లు కొన్ని క్లినిక్కుల పనిని ముక్కలు చేసి, చిన్న కంపెనీలనూ నేరుగా టెండరు వేయమన్నారు.

"ఏనుగుల నడుమ మనమెంతమ్మా" అన్నారు హయాత్ బాషా. ఆఫీసులో టైపింగ్ చేసే తస్లీమా వింటేనా! మూడు వారాలు మా వెంట క్లినిక్కులన్నీ తిరిగింది. బిస్మిల్లా అనుకుంటూ ప్రతి మిద్దె ఎక్కి, ప్రతి ఏసీ వివరం రాసుకుంది.

గడువు శుక్రవారం. సెలవులు ఆ ఏడాదే మారాయి. షార్జాలో శుక్రవారం పూర్తి సెలవు, కేంద్ర ఆఫీసులకేమో పన్నెండు దాకా పని. "సెలవు రోజు ఎవరు చూస్తారు, సోమవారం పంపుదాం" అనుకున్నాం అందరం. షార్జాలో ఉండేవాళ్లు మాత్రమే చేయగల తప్పది. శుక్రవారం పదకొండుకు తస్లీమా నాకు ఫోన్ చేసింది.

"భూమేశన్నా, వ్యాన్ తియ్! సెలవు మనకేగానీ వాళ్లకు కాదంట. పన్నెండుకి మూసేస్తారు!"

టెండరు ఆన్‌లైన్‌లో పంపాలంటే యజమాని ఫోనుకొచ్చే ఓటీపీ నంబరు కావాలి. ఆయనేమో ఫోను ఎత్తడం లేదు. ఇంట్లో అడిగితే చేపల మార్కెట్‌కు వెళ్లారన్నారు. వ్యాన్‌లో అక్కడికి పోయి, ఆ గోలలో ఆయన్ని పట్టుకునేసరికి పావు తక్కువ పన్నెండు.

"ఇక్కడా?" అన్నారాయన, చేతిలో వంజరం చేపతో.

"ఇక్కడే భాయ్! ఫోన్ ఇట్టా ఇయ్యండి!"

ఐసు పెట్టెమీద కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఎనిమిది నిమిషాలుండగా పంపేసింది. తర్వాత ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, సిగ్గెందుకు?

పెద్ద ముక్కలు పెద్దవాళ్లకే పోయాయి. ఆరు క్లినిక్కులు మాకొచ్చాయి. మాకు అవే చాలు, అందరి వీసాలూ నిలిచాయి.

పని మొదలైన రోజు సర్కారు ఇంజినీరు వచ్చి, "ఇక్కడ కాంట్రాక్టరు ఎవరు?" అని హిందీలో అడిగాడు. పదహారేళ్లు ఎవరో ఒకరి కింద పనిచేసిన మా ఫోర్‌మన్ అజ్మల్ పక్కకు జరిగి, దారి వదిలి, వెనక్కి చూశాడు. నేనూ చూశాను. వెనక ఎవరూ లేరు.

"అజ్మల్ భాయ్, వెనక్కి చూస్తారేంది?" అంది కాగితాలు పట్టుకొచ్చిన తస్లీమా. "ఆయన అడిగేది మనల్నే."

అజ్మల్ తను వదిలిన దారిలోకి మళ్లీ వచ్చి నిలబడ్డాడు. "హమ్ హైఁ, సాబ్" అన్నాడు, కాంట్రాక్టరు మేమేనని.