పచ్చటి చేలో తాలు గింజలు

2019 ఖరీఫ్‌లో, అంటే సార్వా పంటప్పుడు, నేను సముద్రం ఒడ్డునున్న కోడూరు మండలంలో వ్యవసాయాధికారిని. అక్కడ పైరు పచ్చదనమే పరువు. చేను నిగనిగలాడితే చాలు, గట్టు మీద నిలబడి మీసం తిప్పేస్తారు. పచ్చదనం కోసం యూరియా మాత్రం ధారాళంగా చల్లుతారు.

నాంచారమ్మ గారి చేను చుట్టుపక్కల అన్నిటికంటే పచ్చన. కానీ కిందటేడు తూర్పారబడితే గట్టి గింజల కంటే ఎగిరిపోయిన తాలు, అంటే లోపల బియ్యం లేని పొల్లే ఎక్కువట. పొలం ఆవిడకీ మరిది రాంబాబుకీ ఉమ్మడి. రొయ్యల చెరువు చేసేద్దామని అతని పట్టు.

"ఈసారీ తాలే వస్తే తవ్వించేస్తాడండి. ఒకసారి ఉప్పునీళ్ళు పెట్టాక ఇంక వరి పండుద్దా మేడం గారూ?" అన్నారావిడ. నాకూ మనసు మనసులో లేదు.

చేలోకి దిగాను. పైరు చిరుపొట్ట మీదుంది, అంటే కంకి ఇంకా లోపలే తయారవుతోంది. కింది ఆకుల అంచులు కాలినట్టు ఎండాయి. ఇసుక పాలు ఎక్కువున్న నేల, పైగా ఏటా కోసిన గడ్డి మొత్తం ఇంటి దగ్గర వాముకి చేర్చేస్తారు. గడ్డితోపాటే నేలలోని పొటాష్ కూడా వెళ్ళిపోతోంది.

"ఆకు వంటిల్లనుకోండి. అక్కడ తయారైన చక్కెర కంకికి చేరి పిండిగా నిలవుండాలి. చేరవెయ్యడానికి పొటాష్ కావాలి. అది లేకపోతే వంట వంటింట్లోనే, పెళ్ళివారు పస్తు!" అన్నాను.

టాప్ డ్రెస్సింగ్, అంటే ఎదిగే పైరుకి పైపాటుగా ఎరువు చల్లడం, చెయ్యమన్నాను. పొటాష్ బస్తా విప్పగానే రాంబాబు ఆ ఎర్రటి పలుకులు చేతిలోకి తీసుకుని అదిరిపడ్డాడు.

"ఇది ఉప్పే కదండీ! సముద్రం పక్కన ఉప్పుతో చస్తుంటే మళ్ళీ ఉప్పు చల్లమంటారా? నా సగంలో వెయ్యనివ్వను."

"చెరువుకి ఉప్పునీళ్ళు పెడతానంటావు, దోసెడు పొటాష్‌కి భయమా?" అని వదిన గారు కొంగు బిగించి తన సగంలో చల్లేశారు.

గింజ గట్టిపడే వేళకి వెళ్ళి అయోడిన్ టెస్ట్ పెట్టాను. పిండి ఉన్నచోట అయోడిన్ పడితే నల్లటి నీలం రంగొస్తుంది. నాంచారమ్మ గారి గింజలు చిదిమి చుక్క వేస్తే కాటుకలా నల్లబడ్డాయి. రాంబాబు సగంలోవి చాలా వాటికి అయోడిన్ గోధుమరంగే తప్ప నలుపు రాలేదు. అతను నా చేతిలో సీసా లాక్కుని, రెండు సగాల్లోనూ తిరుగుతూ కంకి తర్వాత కంకి చిదిమాడు. చివరికి వదిన సగంలోని గింజలతో వేళ్ళన్నీ నీలం చేసుకుని గట్టు మీద కూలబడ్డాడు.

చేను పచ్చగా ఉందంటే ఆకు బాగున్నట్టే. గింజ నిండుతోందో లేదో వేరే చూడాలి. ఆ తర్వాత నేను ఏ ఊరు వెళ్ళినా కంకి చిదమకుండా చేను బాగుందని అనలేదు.

"ఇప్పుడు నా సగంలో వేస్తే లాభం ఉంటుందాండీ?" అన్నాడు రాంబాబు.

"ఇప్పుడు లాభం లేదయ్యా. వచ్చే సార్వాకి వెయ్యాలి."

అతను నీలం వేళ్ళతో తల గోక్కుని వదిన వైపు చూశాడు. "అయితే వచ్చే సార్వాకి రెండు సగాలకీ కలిపే తెప్పించు వదినా."

నాంచారమ్మ గారు కొంగుతో కళ్ళొత్తుకుంటూనే పకపకా నవ్వేశారు.