రెండోసారి వెళ్ళని ఇల్లు

నిన్న సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు భివండీలో వరాలా తలావ్ చెరువు గట్టు మీద నా భార్యకు పొలమారింది. నడక అయ్యాక అక్కడే ఆగి చెరో కొబ్బరిబొండం తాగడం మాకు కొన్నేళ్ళుగా అలవాటు. ఆమె గొట్టాన్ని పెదవుల మధ్య పెట్టుకుని ఒక్కసారిగా గట్టిగా పీల్చింది. నీళ్ళు ముక్కులోకి ఎక్కాయి. దగ్గి, కళ్ళు తుడుచుకుని, "సరం వడ్డది. ఎవలో యాది జేస్తున్నరు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మగ్గాల మధ్య పెరిగినవాళ్ళు పీల్చే తీరు అది. దాన్ని చూసినప్పుడల్లా నాకు మా అక్క పెద్దకూతురు గుర్తుకు వస్తుంది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆమె విషయంలో నేను ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ రోజుల్లో ఇలాంటి ఊళ్ళలో చిన్న ఉద్యోగం మీద కుటుంబం పరువంతా మోసిన నా వయసువాళ్ళకు అది అర్థమవుతుందని రాస్తున్నాను.

తొంభైల మొదట్లో నేను భివండీలోని ఒక కాలేజీలో రసాయన శాస్త్రం లెక్చరరుగా చేరాను. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళో సాంచెలు నడిపినవాడు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచె అంటారు. ఇంట్లో ఎమ్మెస్సీ దాకా చదివింది నేనొక్కణ్ణే. కెమిస్ట్రీ అంటే నూలుకు రంగులు వేసే పని అనుకుని, మా నాన్న చివరిదాకా నన్ను అందరికీ రంగు మాస్టరు అనే పరిచయం చేశాడు, నేనూ దిద్దలేదు. చేరాననే గాని అది పర్మినెంటు ఉద్యోగం కాదు. గంటల లెక్కన పాఠం చెప్పించుకుని, వేసవి రాగానే పంపేసి, వానల్లో మళ్ళీ దయ కలిగితే పిలిచే కొలువు. నా పాఠం ఇంగ్లీషులో మొదలై, అర్థంకాని ముఖాలు చూసి హిందీలోకీ, అక్కడి నుంచి మరాఠీలోకీ దిగి, చివరి బెంచీల దగ్గర తెలుగులో ముగిసేది.

బి.ఎస్సీ.లో పిల్లలు చాలినంతమంది చేరకపోతే ఆ తరగతినే ఎత్తేస్తారన్న భయం మాకు ప్రతి ఏడూ ఉండేది. అందుకని జూన్‌లో ప్రవేశాలు మొదలయ్యే ముందు మేము ఇద్దరు ముగ్గురు లెక్చరర్లం నాగావ్, కనేరి సందుల్లో తిరిగి, కార్ఖానాల గుమ్మాల్లో నిలబడి, పన్నెండు పాసైన ఆడపిల్లలను కాలేజీకి పంపమని తండ్రులను అడిగేవాళ్ళం. సాంచెలు ఆడుతుంటే పక్కవాడి మాట కూడా వినపడదు కనుక, వారంలో కరెంటు ఉండని రోజు చూసుకుని వెళ్ళేవాళ్ళం.

అలాగే ఒక ఏడు అక్క ఇంటికి వెళ్ళాను. బావకు నాగావ్‌లో ఎనిమిది సాంచెలు ఉండేవి, వాటి వెనకే ఇల్లు.

"ఏంది బామ్మర్ది, కరెంటు లేని దినమే యాదికొస్తమా నీకు?" అని బావ ముందే ఆటపట్టించాడు. సంగతి చెప్పాక, "పోరి కెమిస్ట్రీ సదివి ఏం జేస్తది? సాంచెలకు దవా వోస్తదా?" అన్నాడు.

"నీ సాంచెలకు దగ్గొచ్చినప్పుడు పోస్తది తియ్యి" అంది అక్క లోపలి నుంచి.

అందరం నవ్వాం. మేనకోడలు మాత్రం నూలు చుట్టిన కండెల గంప పక్కన నిలబడి, నవ్వకుండా నావంకే చూస్తూ ఉంది. మూడోసారి టీ వచ్చాక బావ మెత్తబడ్డాడు. "సరే, పంపుత. గని జిమ్మేదారి నీది" అన్నాడు. బాధ్యత నాదే అన్నాను.

ఇప్పటి పిల్లలకు తెలియదేమో గాని, అప్పట్లో ప్రయోగశాలలో ద్రావణాన్ని కొలిచి తీయడానికి పిపెట్ అనే సన్నటి గాజు గొట్టాన్ని నోటితోనే పీల్చేవాళ్ళం. మగ్గం పనిలోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త కండె పెట్టినప్పుడల్లా దారం కొసను దాని పక్కనున్న చిన్న రంధ్రంలోంచి బయటికి తేవాలి. మావాళ్ళు ఆ రంధ్రానికి పెదవులు ఆనించి ఒక్క పీల్పుతో లాగేస్తారు. అందువల్ల మా పిల్లలకు పిపెట్ అంటే భయం ఉండేది కాదు. మిగతావాళ్ళు సగం దాకా లాగి దిగజారుస్తుంటే మావాళ్ళు ఒక్క గుక్కలో కొలత గీత దాటించేవారు. కాకపోతే ఆ పీల్పు మరీ చురుకుది. నాడె దగ్గర నోట్లోకి వచ్చేది దారం, ఇక్కడ వచ్చేది ద్రావణం. మెల్లగా పీల్చమని నేర్పవలసిన నేను, నేర్పకపోగా గర్వపడ్డాను. మేనకోడలిని ముందుకు పిలిచి, చూడండి, ఇలా తీయాలి అని బ్యాచ్ అంతటికీ చూపించేవాణ్ణి. పలచటి ద్రావణాలే కనుక నాలుకకు ఒక చుక్క తగిలినా ఉమ్మేసి నోరు కడుక్కుంటే సరిపోయేది. ఆమె అలాగే కడుక్కుని నవ్వేది. కాలేజీలో సార్ అనమని నేను గట్టిగా చెప్పినందుకు నన్ను 'మామ సార్' అని పిలిచేది, దాంతో తరగతి అంతా నన్ను అదే పేరుతో చెప్పుకునేది.

ఆ ఏడాది దీపావళి సెలవుల తరువాత ఒకరోజు ల్యాబ్ అటెండెంటు రాలేదు. కాస్టిక్ సోడా ద్రావణం నేనే సిద్ధం చేయవలసి వచ్చింది. ముందు చిక్కటిది ఒక సీసాలో చేసుకుని, అందులోంచి కొంచెం తీసి వంద వంతులకు పలచన చేసి, పిల్లల కోసం ఇంకో సీసా నింపాలి. మొదటిది చేశాను. అంతలో ప్రిన్సిపాల్ పిలిపించారు. నన్ను పర్మినెంటు చేసే విషయం ఆ నెలలోనే యాజమాన్యం ముందుకు వెళ్తోందనీ, కాగితాలన్నీ సర్ది ఇవ్వమనీ చెప్పారు. ఆ సంతోషంలో వెనక్కి వచ్చి, పేరు చీటీ కూడా అంటించని ఆ చిక్కటి సీసానే తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. బ్యాచ్‌లో ముందుగా పిపెట్ ముంచేది ఎప్పుడూ ఆమే.

ఆమె అరవలేదు. గాజు పగిలిన చప్పుడు విని తిరిగేసరికి రెండు చేతులతో నోరు మూసుకుని సింకు వైపు పరుగెడుతోంది. కుళాయి కింద చాలాసేపు నోరు కడిగించి, ఇద్దరు ఆడపిల్లలను తోడిచ్చి రిక్షాలో ఆసుపత్రికి పంపాను. ఆ రిక్షాలో నేను కూడా ఎక్కవలసింది. ఎక్కకుండా వెనక్కి వచ్చి సీసా మూతిని ముట్టుకున్నాను. వేళ్ళు సబ్బు పట్టుకున్నట్టు జారాయి. జరిగిందేమిటో అప్పుడు తెలిసింది. పిల్లలను బయట వరండాలో ఉండమని, తోటి లెక్చరర్లు వచ్చేలోపు ఆ సీసాను సింకులో ఒంపి, కుళాయి విప్పి వదిలేసి, పలచటిది కొత్తగా కలిపి అదే చోట పెట్టాను. తరువాత ప్రమాదాల పుస్తకం తెరిచి, విద్యార్థిని మగ్గం పని అలవాటు కొద్దీ అతిగా పీల్చడం వల్ల ద్రావణం నోటిలోకి వెళ్ళిందని ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాసి సంతకం పెట్టాను. రాసినంతవరకు అందులో అబద్ధం లేదు. అబద్ధమాడకుండా బయటపడగలిగానని ఆ పూట నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. పలచటి ద్రావణం నోటిని అలా కాల్చదని డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు. ఒక్కరూ అడగలేదు. మగ్గాలవాళ్ళ పిల్ల అనేసరికి అందరికీ ఆ కారణం సరిపోయింది.

ఆసుపత్రి వరండాలో బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పేం లేదు బామ్మర్ది. మా పోరిదే తొందర. మా వల్ల నీకు కాలేజిల మాటొచ్చె" అన్నాడు. లోపల ఆమె నాలుకా అంగిలీ బొబ్బలెక్కి, మాట్లాడలేక పడుకుని ఉంది. నేను తల ఊపాను.

పన్నెండు రోజులకు ఇంటికి పంపారు. రెండు నెలలు గంజి మీద గడిచింది. నోరు మానింది, గొంతు మాత్రం బొంగురుగానే ఉండిపోయింది. బావ ఆమెను మళ్ళీ కాలేజీకి పంపలేదు, నేను వెళ్ళి పంపమని అడగలేదు. ఆ ఇంటికి పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళాను, అడగడానికి వెళ్ళలేదు. ఆమె కండెలు చుట్టే మిషను దగ్గర కూర్చుంది. ఇంట్లో గ్లాసు జారి పడినా, కూర మాడినా, "సోడా తాగిన పిల్ల గదా" అని చుట్టాలు నవ్వేవారు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు గొంతు సంగతి అడిగితే, ఒట్టి తొందర వల్ల అయిందని బావే చెప్పేవాడట. చివరికి ఆ సందులోనే సాంచెలు నడిపే అబ్బాయికి ఇచ్చి చేశారు. అక్కడా కండెలే.

నేను పర్మినెంటు అయ్యాను. రంగుల కార్ఖానాల నుంచి మోరీల్లోకి వచ్చే నీళ్ళ మీద ఎం.ఫిల్. చేశాను, కొన్నాళ్ళకు విభాగాధిపతినయ్యాను. జూన్‌లో కార్ఖానాల చుట్టూ తిరగడం మానలేదు, ఇంకా ఎక్కువే తిరిగాను. ఒప్పుకోని తండ్రుల దగ్గరికి రెండుసార్లు, మూడుసార్లు వెళ్ళి ఎందరో ఆడపిల్లలను చేర్పించాను, నా పట్టుదల గురించి తోటివాళ్ళు మెచ్చుకుంటూ చెప్పుకునేవారు. అక్క ఇల్లున్న సందులోకి వచ్చినప్పుడు మాత్రం, ఇది మావాళ్ళ ఇల్లే, ఎప్పుడైనా అడగవచ్చు అని తోటివాళ్ళను ముందుకు నడిపించేవాణ్ణి.

పదేళ్ళ తరువాత ఒక జూన్ ఉదయం ఆమే కాలేజీకి వచ్చింది, తనకంటే చాలా చిన్నదైన చెల్లెలిని వెంటబెట్టుకుని. చెల్లెలిని ఫారం కోసం ఆఫీసుకు పంపి నా ఎదురుగా కూర్చుంది.

"ఈపారి నాయినను నేనే అడిగిన మామా. రెండు దినాలు అన్నం తినకుంట కూసున్న. మూడోనాడు సరే అన్నడు."

మంచి పని చేశావన్నాను.

"చెల్లెతోని పిపెట్ నోటితోని పీల్పియ్యకు."

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"ఆ సీసల ఉన్నది పలచటిది గాదు. నాకు గప్పుడే ఎర్క. నాలిక మీద జారుడు జారుడున్నది, సబ్బు లెక్క. కెమిస్ట్రీ బుక్కుల రాసున్నది గదా."

ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె నీ నౌకరీ ఉండునా? మనోళ్ళల్ల సైన్స్ చెప్పెటోడివి నువ్వొక్కనివే ఉంటివి." కిటికీ వైపు చూస్తూ అంది: "సీసలు ఎవలన్న తారుమారు జేస్తరు మామా, దానికి నాకు కోపం లేదు. నువ్వొచ్చి నాయినను మళ్ల అడుగుతవనుకున్న. జూన్ల మీరు మా గల్లీల తిరుగుతుంటె కండెలకాడ కూసోని చూస్తుంటి. మా గడప ముంగటికెంచే పోతుంటిరి."

బావకూ అక్కకూ ఇప్పుడైనా చెప్పేస్తానన్నాను. వద్దంది. "నాయినకు బీపీ. గిప్పుడు చెప్తె చెల్లెను గూడ ఆపుతడు." ఆ మాట వినగానే ముందు నాకు ఊరట కలిగింది. సిగ్గు ఆ తరువాత, ఆమె చెల్లెలితో మెట్లు దిగి వెళ్ళిపోయాక వచ్చింది.

ఆ వారంలోనే పిపెట్‌కు తగిలించే రబ్బరు బల్బులు తెప్పించి, నోటితో పీల్చడం మా ప్రయోగశాలలో మాన్పించాను. చెల్లెలు బి.ఎస్సీ. పూర్తిచేసి ఒక రంగుల కార్ఖానాలో పరీక్షల గదిలో ఉద్యోగానికి చేరింది. నా పదవీ విరమణ సభలో ప్రిన్సిపాల్ మాట్లాడుతూ, నా హయాంలో ప్రయోగశాలలో చెప్పుకోదగ్గ ప్రమాదం ఒక్కటీ జరగలేదన్నారు. రెండో వరుసలో కూర్చున్న మేనకోడలు అందరితో పాటు చప్పట్లు కొట్టింది. అప్పటికే ఆమెకు దగ్గు మొదలైంది. ఇన్నేళ్ళ నూలు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పాడు. కాలేజీలో ఉండి ఉంటే ఆ దుమ్ములో కూర్చునేది కాదని ఆయన చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు. ఆ దగ్గుతోనే ఆమె పోయింది.

బావ కూడా పోయాడు. అక్క ఉంది. పెద్దకూతురి మాట వస్తే ఇప్పటికీ, పాపం తొందరది అంటుంది. ఇది అచ్చయ్యేదాకా ఆగకుండా, ఈ కాగితాలు తీసుకెళ్ళి అక్క ముందు కూర్చుని చదవాలని అనుకుంటున్నాను. ఆమె ఏమంటుందో తెలియదు. ఏమన్నా వినాలి.

ఆ సందులో సాంచెలు చాలావరకు పాత ఇనుముకు పోయాయి. కాలేజీ ప్రవేశాలన్నీ ఇప్పుడు ఫోన్లోనే జరుగుతున్నాయి. ఫారం నింపిన పిల్లల పేర్లే జాబితాలో వస్తాయి, నింపనివ్వని ఇళ్ళ సంగతి ఎవరికీ తెలియదు. జూన్‌లో ఇప్పుడు ఏ లెక్చరరూ కార్ఖానా గుమ్మంలో నిలబడి, ఆడపిల్లను పంపమని తండ్రిని అడగడం లేదు.